అమావాస్య గళ్ళు

నేను గణితంలో పరిశోధన చేశానని చెప్తే కొత్తవాళ్ళు మర్యాదగా తల ఊపుతారు. దేని మీద అని అడిగినవాళ్ళు నా ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో మొత్తం ఆరుగురు. అందులో ఇద్దరు రేషన్ కార్డు దరఖాస్తు నింపించుకోవడానికి వచ్చి, నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు ఊరికే కూర్చోలేక అడిగారు. మిగతా నలుగురిలో ఇద్దరు చివరిదాకా విన్నారు. ఏడో మనిషి ఎవరో అడిగారనుకుని ఇది రాస్తున్నాను.

నా విషయం మాత్రికలు. తెలియనివి తొమ్మిది ఉంటే తొమ్మిది సమీకరణాలు రాస్తాం. వాటి అంకెల్ని తొమ్మిది అడ్డ వరుసలు, తొమ్మిది నిలువు వరుసలుగా పేర్చితే అది మాత్రిక. దాన్ని ఒక పద్ధతిలో విప్పుకుంటూ పోతే సమాధానం వస్తుంది. రాకపోతే పేచీ లేదు. పేచీ అంతా వచ్చినప్పుడే. కొన్ని మాత్రికలు ఎంత పెంకివంటే, ఇచ్చిన అంకెల్లో వెంట్రుకవాసి తేడా ఉంటే సమాధానంలో బారెడు తేడా చూపిస్తాయి. రెండు గీతలు దాదాపు ఒకే దిక్కుగా పోతుంటే, ఒకటి కాస్త జరిగినా అవి కలిసే చోటు ఎక్కడికో పోతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో కలవాల్సినవి ఇంకో దీవిలోని రంగత్‌లో కలుస్తాయి. అలాంటప్పుడు వచ్చిన సమాధానాన్ని ఎంతవరకు నమ్మవచ్చో హద్దు కట్టడం నా పని. అంటే చేసిన లెక్కను ఎంత అనుమానించాలో లెక్క కట్టడం. మా అమ్మకు ఇది వివరిస్తే, “దానికి సదువెందుకే, అది నీకు పుట్టుకతోనే ఉంది గదా” అంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు, దీవుల్లో చేపలు పట్టేవాళ్ళు కావాలని ప్రభుత్వం పిలిస్తే, శ్రీకాకుళం తీరం నుంచి ఓడ ఎక్కిన కుటుంబాల్లో మాది ఒకటి. నాకప్పుడు ఐదేళ్ళు నిండి రెండు నెలలు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ పేటలో రేకుల ఇల్లు, నాన్నకి పడవలో సగం వాటా. నేను మెయిన్‌లాండ్ వెళ్ళి ఎమ్మెస్సీ చదివి, తిరిగి వచ్చి కాలేజీలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. ముప్పై ఒకటో ఏట మెయిన్‌లాండ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకున్నాను. అక్కడి గైడు గారు ఉత్తరాల్లో దారి చూపిస్తారు, నేను ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ చెయ్యాలి. గడువు ఏడేళ్ళు. పొడిగింపు ఉండదని నిబంధనల కాగితంలో రెండు చోట్ల రాశారు. ఒకసారి చదివితే అర్థం కాదనుకున్నారేమో.

మొదటి నాలుగేళ్ళు సిద్ధాంతం. హద్దు దొరికింది, రుజువు దొరికింది. ఐదో ఏట గైడు గారు రాశారు: “రుజువు బాగుంది. నిజమైన కొలతలతో ఒక ఉదాహరణ ఉంటే థీసిస్ నిండుగా ఉంటుంది. మీకు సముద్రం ఉంది కదా.”

ఉంది. నా పేరున పట్టా లేదు గాని, ఉంది. నిజానికి ఆలోచన మంచిదే. సముద్రం పోటుపాట్లు నా పెంకి మాత్రికలకు పుట్టిల్లు. నీటిని చంద్రుడు ఒక లయలో లాగుతాడు, సూర్యుడు ఇంకో లయలో లాగుతాడు. చంద్రుడు భూమికి దగ్గరగా, దూరంగా తిరుగుతుంటాడు కాబట్టి అదొక లయ. ఈ లయలు ఒకదానికొకటి ఎంత దగ్గరంటే, కొలతల్లోంచి వాటిని విడదీయబోతే మాత్రిక మొండికేస్తుంది.

కొలతల కోసం ఒక ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను. మూడు కాపీలు అడిగారు, ఇచ్చాను. నాలుగు నెలల పదకొండు రోజులకు జవాబు వచ్చింది. ఏ సముద్రం కావాలో స్పష్టంగా రాయమన్నారు.

అప్పుడు మావను అడిగాను. మావ మా అమ్మకు తమ్ముడు, జంగ్లీఘాట్ రేవులో నాన్న పడవకు రెండో వాటాదారు. తెలుగు మూడో తరగతి దాకా చదివాడు. అంకెలు మాత్రం ముత్యాల్లా రాసేవాడు. రేవు గుంజకు దీవుల అడవి కలప పడౌక్‌తో చేసిన పది అడుగుల కర్ర కొట్టించి, దాని మీద ఎర్ర రంగుతో అడుగులు, అంగుళాలు గీశాను. మావకు వాచీ కొనిచ్చాను. పుస్తకానికి గళ్ళు నేనే గీశాను. ఉదయం ఐదు నుంచి సాయంత్రం ఐదు వరకు గంటకొకసారి నీరు ఎక్కడుందో చూసి రాయాలి. రోజుకు పదమూడు గళ్ళు. అన్ని రోజులూ చూడమంటే కుదరదు కాబట్టి నెలకు పది రోజులు ఎంచాను: పున్నమికి మూడు రోజులు, అమావాస్యకు మూడు రోజులు, రెండు అష్టములకు రెండేసి రోజులు. పది పదమూళ్ళు నూటముప్పై. అలా పదమూడు నెలలు. మొత్తం వెయ్యిన్ని ఆరువందల తొంభై గళ్ళు.

“ఇవన్నీ రాస్తే నీకేటొస్తాది గుంటా?” అన్నాడు మావ.

“డాక్టర్నవుతాను.”

“సూదులేస్తావేటి?”

“కాదు మావా, లెక్కల్లో డాక్టరు.”

“లెక్కలకి జొరాలొస్తాయేటి,” అని పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. “సరే ఒగ్గేయ్. గళ్ళు నింపాల, అంతే గదా.”

అంతే అన్నాను. ఆ మాట అన్నది నేనే. తేదీ కూడా నా దగ్గర ఉంది.

పదమూడు నెలల తర్వాత పుస్తకం వచ్చింది. ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క కొట్టివేత లేదు. మా స్టూడెంట్ల రికార్డులు ఇలా ఉంటే ఎంత బాగుండునని అనుకున్నాను. కాలేజీలో చేత్తో తిప్పే లెక్కల మిషను ఒకటి ఉండేది. మధ్యాహ్నం క్లాసులయ్యాక దాని ముందు కూర్చుని తొమ్మిదింటి మాత్రికను విప్పడానికి నాకు ఇరవై ఆరు రోజులు పట్టింది. తప్పు పోయిందేమోనని మళ్ళీ మొదటి నుంచి విప్పాను. ఇరవై నాలుగు రోజులు. రెండుసార్లూ ఒకటే సమాధానం: చంద్రుడు దగ్గరైనా దూరమైనా జంగ్లీఘాట్ నీటికి పెద్దగా పట్టింపు లేదు.

ఇది వింత. అచ్చులో దొరికే పోటుపాట్ల పట్టికతో పోల్చి చూశాను. పున్నమి రోజుల్లో, అష్టమి రోజుల్లో మావ అంకెలకూ పట్టికకూ రెండు అంగుళాలకు మించి తేడా లేదు. అమావాస్య రోజుల్లో కొన్ని నెలలు ఎనిమిది, తొమ్మిది అంగుళాలు. అది గైడు గారికి రాస్తే, టపా తెచ్చే ఓడ తిరుగు ప్రయాణంలోనే జవాబు వచ్చింది. అంతకుముందు ఐదేళ్ళలో ఆయన అంత త్వరగా ఎప్పుడూ రాయలేదు. పట్టిక హార్బరు మొగదల కోసం తయారైందని, జంగ్లీఘాట్ లోపలికి ఉంది కాబట్టి అక్కడి నీటి స్వభావం వేరని, ఇది కొత్త విషయమని, దీన్ని వెంటనే అధ్యాయంగా రాయమని. ఈలోపు ఆయన ఒక పేపరు తయారుచేశారు. అందులో ఆయన పేరు ముందు, నా పేరు వెనక. అక్షర క్రమం అన్నారు. ఏ భాష అక్షర క్రమమో అడగలేదు. పేపరు అచ్చయింది.

నాకూ నచ్చింది. అది ఒప్పుకోవాలి. వృత్తి రీత్యా ప్రతి అంకెనూ అనుమానించే మనిషిని, నాకు పేరు తెచ్చే అంకెను ఎనిమిది నెలలు అనుమానించలేదు.

థీసిస్ టైపు పూర్తయ్యేసరికి నవంబరు వచ్చింది. గడువు జూలై ఆఖరుకు. అంటే ఎనిమిది నెలలు చేతిలో ఉన్నాయి. ఆ నెల అమావాస్య మంగళవారం, కాలేజీకి సెలవు. కర్ర మీద రంగు వెలిసిందని, ఫొటో తీయించి థీసిస్‌లో పెడదామని, అబర్డీన్ బజార్లో ఎర్ర రంగు డబ్బా కొనుక్కుని రేవుకి వెళ్ళాను. కొలతల గడువు ముగిసినా మావ అలవాటుగా ఇంకా రాస్తూనే ఉన్నాడు. రెండో పుస్తకం కూడా నేనే ఇచ్చాను.

రేవులో మనుషులు లేరు. పడవలన్నీ ఒడ్డెక్కించి బోర్లా పెట్టి ఉన్నాయి, తారు వాసన. నేను అక్కడే పుట్టినట్టు పెరిగినదాన్ని. అమావాస్యకు మా వాళ్ళు పడవ దింపరని, నీళ్ళ వైపు పోరని, ముందు రోజూ తర్వాతి రోజూ పడవలకు తారు పూసుకుంటూ వలలు బాగుచేసుకుంటూ గడుపుతారని నాకు తెలుసు. తెలిసీ అమావాస్యకు మూడు రోజులని గళ్ళు గీసి ఇచ్చాను. కాగితం మీద చంద్రుణ్ణి చూసినంత జాగ్రత్తగా మావను చూడలేదు.

అప్పుడు పదకొండు గంటలు. కర్ర మీద నీరు ఆరడుగుల నాలుగంగుళాల దగ్గర ఉంది. మావ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని వల కుడుతున్నాడు. పుస్తకం మేకుకు వేలాడుతోంది. పదకొండు గంటల గడిలో ఏడడుగులు అని ఉంది. దాని కింద పన్నెండు, ఒంటిగంట, రెండు గడులు కూడా నిండి ఉన్నాయి. సాయంత్రం ఐదు దాకా సముద్రం ఏం చెయ్యబోతోందో ముత్యాల్లాంటి అంకెల్లో రాసి ఉంది.

“మావా, మూడు గంటల నీరు నువ్వెప్పుడు చూశావు?”

“ఏ మూడు గంటలది?”

“ఇవాళ్టిది.”

వాచీ చూసుకున్నాడు. సూది పక్కన పెట్టాడు. “అమాస గదే. నీల్ల కాడికెల్తామేటి?”

“మరి ఈ అంకెలు?”

“పున్నమియి. పున్నమి నీరూ అమాస నీరూ ఒకే జాతి గదా. రెండూ పెద్ద నీల్లే. ఏక్ హీ బాత్ హై.”

“అచ్చంగా దించావా?”

“నీకంత తెలివి తక్కువోడినా. ఓ అంగులం అటు, ఓ అంగులం ఇటు ఏసినాను. అచ్చంగా ఒకేలా ఉంటే నువ్వు నమ్మవు.”

వంటింట్లోంచి అత్త గొంతు వినిపించింది. “నెలనెలా కూకుని అదే పని. అంగులాలు కలపడానికి నా ఎసరు ఆరిపోయేదాకా గొనుక్కునేవోడు.”

మొదటి పుస్తకంలో పదమూడు అమావాస్యలూ, మూడేసి రోజులూ అంతేనా అని అడిగాను. అంతే అన్నాడు. పున్నమి గళ్ళు నిజమేనా అంటే గంగమ్మ మీద ఒట్టేశాడు. నెలకు మూడు రోజులు, పదమూడేసి గళ్ళు, పదమూడు నెలలు. ఐదువందల ఏడు. పదింట మూడు వంతులు. కొలతల్లో పొరపాట్లు ఎటుపడితే అటు, దేనికదిగా పోతాయన్న ఊహ మీద నా హద్దు నిలబడింది. మా మావ పొరపాట్లు నెలనెలా వరుస తప్పకుండా పున్నమి వెంటే నడిచాయి. సిద్ధాంతానికి ఏ దెబ్బా తగల్లేదు. అది నా కొలతలకు వర్తించలేదు, అంతే.

వెళ్ళేముందు ఒక ప్రశ్న అడిగాను, ఎందుకో.

“మావా, పున్నమి నీరూ అమావాస్య నీరూ నిజంగా ఒక్కటేనా?”

“ఒక్కటెలగవుతాది? కొన్నెల్లు పున్నమి నీరు పెద్దది, అమాస చిన్నది. ఏడు నెల్లకి తిరగబడతాది, అప్పుడు అమాసది పెద్దది. సిన్నపిల్లలకి తెల్సు.”

నేను రెండుసార్లు మిషను తిప్పి లేదని తేల్చిన లయ అదే. చంద్రుడు పున్నమికి దగ్గరుంటే రెండు వారాల తర్వాత అమావాస్యకు దూరంగా ఉంటాడు. పున్నమి అంకెను అమావాస్య గడిలోకి దించితే ఆ తేడా తుడిచిపెట్టుకుపోతుంది.

“తెలిసి మరి ఒకేలా ఎందుకు రాశావు?”

“నువ్వు గళ్ళు నింపమన్నావు. నీరేటి సేస్తాదో నన్నడిగినావేటి?”

ఆ వారమే అబర్డీన్ బజార్ పోస్టాఫీసులో గైడు గారికి ట్రంక్ కాల్ బుక్ చేశాను. రెండు గంటల నలభై నిమిషాలకు లైను దొరికింది. లైను దొరికితే ఊరంతా వినేలా అరవాలి. క్యూలో పద్నాలుగు మంది ఉన్నారు.

“సార్, అమావాస్య అంకెలు తప్పు. మా మావ పున్నమివి తీసి పెట్టాడు.”

“ఎన్ని?”

“ఐదువందల ఏడు.”

“చూడండమ్మా, ఆ పుస్తకం ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గరే.”

“మరి ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుసు సార్.”

“మీకు తెలిస్తే పరీక్షకులకు తెలిసినట్టు కాదు. పేపరు అచ్చయింది. నేను సదస్సులో చదివాను కూడా. కొలతల్లో కొంత పొరపాటు ఉండవచ్చునని ఒక వాక్యం రాయండి.”

“పదింట మూడు వంతులు కొంత కాదు సార్. ఆ అధ్యాయం తీసేసి సిద్ధాంతం ఒక్కటే పంపిస్తాను.”

“ఉదాహరణ లేని థీసిస్‌కి నేను సంతకం పెట్టలేను.”

“అమావాస్యవి మళ్ళీ కొలుస్తాను. పదమూడు నెలలు పడుతుంది.”

“గడువు ఎనిమిది నెలలు. పదమూడులోంచి ఎనిమిది తీసేస్తే ఎంతమ్మా?”

యూనివర్సిటీ లెక్కల డిపార్టుమెంటు అధిపతి నాకు తీసివేత నేర్పుతున్నారు. ఐదు అన్నాను. కౌంటరు గుమాస్తా కిటికీలోంచి తల పెట్టి, “దీదీ, తీన్ మినిట్ హో గయా,” అన్నాడు. ఫోను పెట్టేశాను. వారం తిరక్కుండానే కాలేజీలో టీచరమ్మ అమావాస్యకు మెయిన్‌లాండ్ స్వామీజీ చేత ఏదో చేయిస్తోందని వినబడింది. ఐదువందల ఏడు నిమ్మకాయలని ఒకరు అన్నారట. అంకె తప్పుపోనందుకు సంతోషించాను.

డిసెంబరు అమావాస్య నుంచి రేవులో నేనే కూర్చున్నాను. మడత కుర్చీ, గొడుగు, పుస్తకం, టిఫిను. సెలవు చీటీలో కారణం దగ్గర “చంద్రుడు” అని రాస్తే ప్రిన్సిపాల్ గారు తిప్పి పంపారు. “స్వకార్యం” అని మార్చాను, సంతకం పెట్టారు. మొదటి రోజు రేవు పైన కుళాయి దగ్గర చేపల బుట్టలు కడుగుతున్న ఆడవాళ్ళు వచ్చి నా వెనక నిలబడ్డారు.

“మేడమ్మా, అమాసపూట నీల్లకేసి సూస్తా కూకుంటే మంచిది కాదు.”

“ఎవరికి మంచిది కాదు?”

“పడవలకి.”

“పడవలు ఒడ్డున ఉన్నాయి కదా.”

“మరి నీకు.”

“నాకిప్పటికే జరగాల్సింది జరిగిపోయింది,” అంటే నవ్వి వెళ్ళిపోయారు.

మూడో అమావాస్యకు మావ వచ్చాడు. నా ఎదురుగా, నీళ్ళకు వీపు పెట్టి, బోర్లా పెట్టిన పడవ మీద కూర్చున్నాడు. “ఆడకూతురు ఒక్కతే కూకుంటే మనుషులేటనుకుంటారు,” అన్నాడు. అప్పటికే ఏమేమి అనుకున్నారో నేను చెప్పలేదు. నేను కర్ర చూసి అంకె చెప్పేదాన్ని, ఆయన రాసేవాడు. ఆ పదకొండు నెలల్లో ఒక్కసారి కూడా తల తిప్పి నీటి వైపు చూడలేదు. అలా రాసినవి గంటకోసారి పుస్తకం తీసుకుని నేను సరిచూసేదాన్ని.

మేలో గాలివాన వచ్చి ఒక రోజు నాలుగు గంటలు రేవుకి పోలేకపోయాను. మర్నాడు మావ ఆ నాలుగు గళ్ళ కేసి చూసి, “ముందుదీ ఎనకదీ తెల్సు గదా, నడుమ ఎంతుంటాదో సెప్పనా?” అన్నాడు.

“వద్దు.”

“సరిగ్గా సెప్తాను.”

“చెప్తావు. అందుకే వద్దు.”

ఆ నాలుగూ ఖాళీగా వదిలేశాను. జూలై ఆఖరు తేదీ ఆ ఏడు ఆదివారం పడింది. యూనివర్సిటీకి సెలవు కాబట్టి శనివారమే గడువు ముగిసినట్టు లెక్క అని వాళ్ళ ఉత్తరం ఆగస్టు పందొమ్మిదిన వచ్చింది. మళ్ళీ నమోదు చేసుకోవాలంటే వయసు దాటింది. రీడరు పోస్టుకి పీహెచ్‌డీ తప్పనిసరి. అది నాకన్నా నాలుగేళ్ళు చిన్నవాడికి వచ్చింది. మంచివాడే. లెక్కల మిషను తాళం చెవి మాత్రం నా దగ్గరే ఉంచాడు.

ఐదువందల మూడు కొత్త అంకెలు, పాత పున్నమి, అష్టమి అంకెలు కలిపి మాత్రికను మూడోసారి విప్పాను. ఇరవై రెండు రోజులు. చంద్రుడి దూరం లయ ఉండాల్సినంత ఉంది. పట్టికకు రెండు అంగుళాల లోపు ఉంది, నా హద్దు లోపల కూడా ఉంది. జంగ్లీఘాట్‌లో ఏ వింతా లేదు. ప్రభుత్వ పట్టిక సరిగ్గానే ఉందని నిరూపించడానికి నాకు ఏడేళ్ళ ఆరు నెలలు పట్టింది.

నాలుగు పేజీల దిద్దుబాటు రాశాను. ముందు అచ్చయిన ఫలితం తప్పని, కొలతలు ఎలా తప్పాయో, తప్పు పద్ధతి ఎంచుకున్నది నేనేనని, సరైన అంకె ఇదని. మావ సంగతి “పరిశీలకుడు స్థానిక ఆచారం ప్రకారం” అని ఒక్క వాక్యంలో పెట్టాను. పాత పేపరు ఇద్దరిదీ కాబట్టి, ఇద్దరి పేర్లూ పాత క్రమంలోనే వేసి సంతకానికి గైడు గారికి పంపాను.

తిరుగు ఓడలోనే జవాబు వచ్చింది. ఆయన అంత త్వరగా రాయడం అది రెండోసారి. శ్రమ అంతా నాదే కాబట్టి, నా కష్టంలో వాటా తీసుకోవడం ఆయనకు న్యాయంగా తోచలేదట. మొదటి పేరు కొట్టివేసి పంపారు. కొట్టివేత స్కేలు పెట్టి చాలా తిన్నగా గీశారు.

అది అలాగే అచ్చయింది. నా పరిశోధన జీవితంలో నా పేరొక్కటే ఉన్న రచన అదొక్కటే.